బెంగళూరులో ఉత్తరం బాల్కనీ ఉంటే కుండీలు ఎప్పుడు జరపాలంటే

ఉత్తరం బాల్కనీ అంటే ఏడాదంతా నీడే అనుకుని ఫెర్న్ కుండీలన్నీ అక్కడే పెట్టాను, మే వచ్చేసరికి ఆకుల అంచులు అప్పడాల్లా కరకరలాడాయి. తప్పు మొక్కది కాదు. మన ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంది, అందుకే ఏప్రిల్ 24 ప్రాంతంలో సూర్యుడు నెత్తిమీదుగా దాటి ఉత్తరానికి వెళ్లిపోతాడు, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో గానీ వెనక్కి రాడు. ఆ మధ్యలో మిట్టమధ్యాహ్నం ఎండ కూడా ఉత్తరం వైపు నుంచే. పైన స్లాబు ఉంటే ఆ మధ్యాహ్నం ఎండ అంచు దగ్గరే ఆగుతుంది లెండి, లోపలిదాకా దూరేది పొద్దున, సాయంత్రం వాలుగా వచ్చేదే.

కాబట్టి ఉగాది అవ్వగానే నీడ మొక్కల్ని దక్షిణం కిటికీ దగ్గరికి మార్చేయండి, దసరాకి తిరిగి తెచ్చుకోవచ్చు. తులసి, మిరప లాంటి ఎండ మొక్కలకి ఇదంతా రివర్సు. జూన్ తర్వాత మబ్బులుంటాయి, అంత తెలీదు. అసలు టెన్షన్ ఏప్రిల్ చివర, మేలోనే.

నమ్మకం లేకపోతే మేడ మీద మీటరు కర్ర నిలువుగా పెట్టి 12:20 ప్రాంతంలో చూడండి. డిసెంబరు 21న నీడ ఉత్తరానికి దాదాపు 74 సెంటీమీటర్లు, జూన్ 21న దక్షిణానికి 18.

చెన్నైలో ఉన్న మా అక్కకీ ఇవే తేదీలు, అదీ 13 డిగ్రీలే. ఇక్కడ చల్లగా ఉండేది 900 మీటర్ల ఎత్తు వల్ల.