టెర్రస్ ఇంటికి వెనకాల ఎక్స్‌టెన్షన్ కట్టేముందు పక్కింటివాళ్ళతో తేల్చుకోవాల్సినవి

ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో టెర్రస్ ఇల్లు (వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఇళ్ళలో ఒకటి) కొనుక్కుని, పిల్లలు పెద్దవుతున్నారు వంటిల్లు కాస్త వెనక్కి పెంచుదాం అనుకునేవాళ్ళు ముందు ఆర్కిటెక్ట్‌ని, తర్వాత బిల్డర్‌ని పట్టుకుంటారు, పక్కింటివాళ్ళు మాత్రం ఆఖర్న గుర్తొస్తారు. ఆ వరస మార్చండి. మనూళ్ళో చుట్టూ సెట్‌బ్యాక్ వదిలి కడతాం, ఇక్కడ రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే, ఇలాంటి ఉమ్మడి గోడనే పార్టీ వాల్ అంటారు, అందుకే 1996లో పార్టీ వాల్ చట్టం అని విడిగా ఒకటి చేశారు. ప్లానింగ్‌కీ దీనికీ సంబంధం లేదు. వెనక్కి 3 మీటర్ల లోపు పెంచే ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్‌కి ఎత్తూ గిత్తూ రూల్స్‌లో ఉంటే మామూలుగా ప్లానింగ్ పర్మిషన్ (కౌన్సిల్ ఇచ్చే కట్టడం అనుమతి) అక్కర్లేదు, అయినా పక్కింటివాళ్ళకి పార్టీ వాల్ నోటీస్ ఇవ్వాల్సి రావచ్చు.

ముందు హద్దు ఎక్కడుందో చూడండి. ల్యాండ్ రిజిస్ట్రీ టైటిల్ ప్లాన్‌లో (ఇంటి రిజిస్ట్రేషన్ రికార్డులో ఉండే మ్యాప్) ఎర్రగీత సుమారు హద్దు మాత్రమే, దాన్ని స్కేలుతో కొలిచి అంగుళాలు తేల్చలేం. ఫెన్స్ కూడా ఎప్పుడో ఎవరో మార్చి ఉండొచ్చు. పాత డీడ్స్ (ఇంటి దస్తావేజులు) ఉంటే తీయండి, రెండిళ్ళ మధ్య గోడ నడిమధ్య నుంచి తాడు లాగి చూడండి, తేడా కనిపిస్తే డ్రాయింగ్ గీయకముందే పక్కింటాయన్ని పిలిచి ఇద్దరూ కలిసి చూసి, అనుకున్నది కాగితం మీద పెట్టండి.

కొత్త గోడ హద్దు మీద సగం సగం పడేలా కట్టాలంటే వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదంటే మీ వైపే కట్టుకోవాలి. ఎక్కువమంది పట్టించుకోనిది గట్టర్, అంటే చూరు కింద వాన నీళ్ళు పోయే తొట్టి. గోడ మీ స్థలంలోనే ఉన్నా గట్టర్, ఫేసియా (గట్టర్ బిగించే చూరు పలక) అటువైపు పొడుచుకొస్తే అది వాళ్ళ స్థలంలోకి చొరబడ్డట్టే. డ్రాయింగ్‌లో అవి కూడా హద్దు లోపలే చూపించమని గట్టిగా అడగండి, కుదరకపోతే పారపెట్ గోడ (కప్పు కంటే పైకి లేపే పిట్టగోడ) పెట్టించండి.

ఇక నోటీసులు. పార్టీ వాల్‌ని ముట్టుకునే పనికి, అంటే స్టీల్ బీమ్ దూర్చడం లాంటివాటికి, 2 నెలల ముందు ఇవ్వాలి. హద్దు మీద కొత్త గోడకీ, వాళ్ళింటికి 3 మీటర్ల లోపు వాళ్ళ పునాది కంటే లోతుగా తవ్వడానికీ 1 నెల ముందు. పాత విక్టోరియన్ ఇళ్ళ పునాదులు చాలా పైపైనే ఉంటాయి కాబట్టి ఆ తవ్వకం నోటీస్ దాదాపు తప్పదు, దానితో ఎంత లోతు తవ్వుతున్నారో చూపించే డ్రాయింగ్ కూడా జతచెయ్యాలి. నోటీస్ మీరే రాసుకోవచ్చు, ప్రభుత్వ వెబ్‌సైట్లో నమూనా లెటర్లున్నాయి. పక్కింట్లో అద్దెకుంటున్నవాళ్ళుంటే ఓనర్ పేరు ల్యాండ్ రిజిస్ట్రీలో చూసి ఆయనకే పంపండి.

తవ్వకానికీ పార్టీ వాల్ పనికీ 14 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, వివాదం ఉన్నట్టు లెక్క. అప్పుడు సర్వేయర్లు వచ్చి పని ఎలా చెయ్యాలో అవార్డ్ అనే నిర్ణయపత్రం రాస్తారు, ఖర్చు మామూలుగా మీదే. ఇద్దరికీ కలిపి ఒకే సర్వేయర్‌కి వాళ్ళు ఒప్పుకుంటే బాగా తగ్గుతుంది, అందుకే నోటీస్ పోస్టులో పడేయకుండా తలుపు కొట్టి డ్రాయింగ్ చూపించి ఇవ్వండి. పక్కింటాయన మన తెలుగాయనే అయ్యుండి "పర్లేదు అన్నా, కట్టుకోండి" అన్నా సరే సంతకం తీసుకోండి, రేపు ఆయన ఇల్లు అమ్మేస్తే కొన్నవాళ్ళకి ఆ మాట తెలియదు కదా.

ఒప్పుకున్నా కూడా పని మొదలయ్యే ముందు వాళ్ళ గోడలు, సీలింగ్, పాత పగుళ్ళు అన్నీ తేదీ పడేలా ఫొటోలు తీసి ఇద్దరూ ఒక్కో కాపీ ఉంచుకోండి. తర్వాత పగులు మీ వల్ల వచ్చిందా ముందే ఉందా అన్నది ఇది తప్ప ఇంకేదీ తేల్చలేదు.

డ్రైన్ కూడా చూడండి. టెర్రస్ ఇళ్ళలో చాలాచోట్ల వెనకాల ఒకే పైపు వరసగా అందరి ఇళ్ళ కింద నుంచి పోతుంది, 2011 నుంచి అలాంటి ఉమ్మడి పైపులు ఎక్కువశాతం వాటర్ కంపెనీవి. దాని మీదో 3 మీటర్ల లోపో కడుతుంటే బిల్డ్ ఓవర్ అగ్రిమెంట్ (పైపు మీదో పక్కనో కట్టుకోవడానికి వాటర్ కంపెనీ ఇచ్చే ఒప్పందం) ముందే తీసుకోండి, లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ సాలిసిటర్ (లాయర్) ఆ కాగితం దగ్గరే ఆపేస్తారు.