కొత్త ఆన్‌లైన్ గేమ్ వచ్చేలోపే మీ క్యారెక్టర్ ముఖం సిద్ధం చేసుకోవడం ఎలా?

పెద్ద ఆన్‌లైన్ గేమ్ ఏదైనా ప్రకటించగానే మనవాళ్లు ట్రైలర్‌ని ఆపి ఆపి చూస్తారు, క్యారెక్టర్ క్రియేటర్‌లో (మన పాత్ర రూపాన్ని తయారుచేసుకునే చోట) ముక్కు, దవడ లాంటివి అటూ ఇటూ జరిపి మార్చే స్లైడర్లు ఎన్నున్నాయో లెక్కపెడతారు, గ్రూపుల్లో నెలల తరబడి దాని గురించే మాట్లాడుకుంటారు. తీరా విడుదల రాత్రి వచ్చేసరికి డిస్కార్డ్‌లో నలుగురు "అయిందా? ఇంకెంతసేపు?" అని తొందరపెడుతుంటే, పావుగంటలో ఏదో ఒక ముఖం చేసేసి లోపలికి దూకేస్తారు. వారం తిరక్కుండానే నాకు మెసేజ్ వస్తుంది: "అన్నా, నా క్యారెక్టర్ ఎందుకో మైనం బొమ్మలా ఉంది." వందల గంటలు కలిసి తిరగాల్సిన మనిషిని అలా హడావుడిగా చేయకూడదు. ఎదురుచూసే ఈ రోజుల్లోనే చేసి పెట్టుకోవాలి.

ముఖాన్ని తర్వాత మార్చుకోవచ్చులే అనుకోవద్దు. ప్రతి గేమ్‌కీ ఒక లెక్క ఉంటుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2008 నుంచి మంగలి షాపు ఉంది, ఆటలోని డబ్బుతోనే పని జరిగిపోతుంది. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ 2025లో వచ్చినప్పుడు ముఖం సవరించుకునే ఓచర్ ఒక్కటే ఉచితంగా ఇచ్చారు, తర్వాతవి అసలు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చింది. మీరు ఎదురుచూస్తున్న గేమ్‌లో ఎలా ఉండబోతోందో ముందే తెలియదు కాబట్టి, మొదటిసారే సరిగ్గా చేసుకోవడం మంచిది.

కావాల్సినవి

పెద్దగా ఏమీ అక్కర్లేదు. మౌస్, ఒక నోట్‌బుక్, స్క్రీన్‌షాట్లు దాచుకోవడానికి ఒక ఫోల్డర్ ఉంటే చాలు. గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి విడుదలకు ముందే వెళ్లి రండి, విడుదల వారంలో వద్దు. మానిటర్‌లో "వివిడ్" మోడ్ ఉంటే తీసేయండి. విండోస్‌లో నైట్ లైట్ కూడా ఆఫ్ చేయండి. రాత్రిపూట అది తెరనంతా పసుపు చేస్తుంది. ఆ పసుపులో ఎంచుకున్న చర్మం రంగు మర్నాడు పొద్దున చూస్తే పాలిపోయి ఉంటుంది.

ముందుగా ఎక్కడ చేయాలి?

చాలా గేమ్‌లు విడుదలకు ముందే క్రియేటర్‌ని విడిగా ఇస్తున్నాయి. బ్లాక్ డెజర్ట్ 2016లోనే అలా ఇచ్చింది. ఆన్‌లైన్ గేమ్ కాకపోయినా, డ్రాగన్స్ డాగ్మా 2 కూడా 2024 మార్చిలో క్రియేటర్‌ని ముందే ఉచితంగా వదిలింది. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ ఓపెన్ బీటాలో (విడుదలకు ముందు అందరికీ ఇచ్చే పరీక్ష వెర్షన్‌లో) చేసిన ముఖాన్ని 2025 ఫిబ్రవరి 28న వచ్చిన పూర్తి గేమ్‌లోకి తెచ్చుకునే వీలుండింది. ఫైనల్ ఫాంటసీ 14 అయితే మన కంప్యూటర్‌లో గేమ్ ఎలా నడుస్తుందో చూపించే బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్‌లోనే ముఖం చేసి, ఆ ఫైల్‌ని గేమ్‌లోకి తీసుకోనిస్తుంది. కాబట్టి గేమ్ స్టోర్ పేజీని గమనిస్తూ ఉండండి. బీటాకి పేరు నమోదు చేసుకోండి. బీటా దొరికితే రాక్షసుల వెంట పరిగెత్తకుండా ముందు క్రియేటర్‌లోనే కూర్చోండి.

ఏదీ దొరకలేదా? మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఏ గేమ్‌లోనైనా సాధన చేయండి. స్లైడర్ల పేర్లు మారతాయి కానీ ముఖం కట్టే పద్ధతి అన్నిచోట్లా ఒకటే.

ఆన్‌లైన్ గేమ్ స్టోర్ స్టీమ్‌లో కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితేనే మామూలుగా రీఫండ్ ఇస్తారు. క్యారెక్టర్ క్రియేటర్‌లో కూర్చున్న సేపు కూడా గేమ్ నడుస్తున్నట్టే లెక్క. ముక్కు దిద్దుతూ గంటన్నర గడిపేస్తే, ఆ గేమ్ మీ కంప్యూటర్‌లో సరిగ్గా నడుస్తుందో లేదో తేల్చుకోవడానికి మిగిలేది అరగంటే. ముందే సిద్ధపడమని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

ముఖం కట్టడం

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదే. నూటికి తొంభై మంది ఇక్కడే పాడుచేసుకుంటారు, ఎందుకంటే జుట్టుతో మొదలుపెడతారు. జుట్టు బాగుంటే ముఖం బాగున్నట్టే కనిపిస్తుంది. దవడ ఎక్కడ తప్పిందో, చెవులు ఎక్కడున్నాయో ఆ జుట్టు కప్పేస్తుంది. అందుకే మొదట గుండు చేయండి. గడ్డం, మీసం, బొట్టు, మేకప్, మచ్చలు అన్నీ తీసేయండి. కనుబొమ్మలు మాత్రం ఉంచండి, అవి లేకపోతే కళ్ల దూరం అంచనాకి అందదు.

ప్రీసెట్ (గేమ్ ముందే చేసిపెట్టిన ముఖం) ఎంచుకునేటప్పుడు అందాన్ని చూడొద్దు, ఎముకను చూడండి. మీరు అనుకున్న ముఖానికి తల వెడల్పు, దవడ ఆకారం దగ్గరగా ఉన్నది తీసుకోండి. రంగు, కళ్లు తర్వాత మారతాయి కానీ చాలా క్రియేటర్లలో ఎముక పూర్తిగా మారదు. అక్కడినుంచి వరస ఇది: తల వెడల్పు, దవడ, చెంప ఎముకలు, కళ్ల స్థానం, ముక్కు, నోరు. ఈ వరస మార్చొద్దు. ముందు నోరు దిద్దుకుని తర్వాత దవడ కదిపితే, నోటి మీద పెట్టిన శ్రమంతా వృథా.

ఇక ముక్కు. ముక్కుని ఎదురుగా చూస్తూ దిద్దకండి. క్రియేటర్‌లో వెలుగు ఎదురుగా, సమంగా పడుతుంది. ఆ వెలుగులో ముక్కుకి నీడ ఉండదు కాబట్టి దూలం ఎంత ఎత్తుందో కంటికి తెలియదు. క్యారెక్టర్‌ని పూర్తిగా పక్కకి తిప్పి, ముందు కనుబొమ్మల మధ్య లోతు చూడండి. తర్వాత దూలం ఎత్తు, ఆ తర్వాత ముక్కు కొన, అది పైకి లేచిందా, కిందికి వంగిందా అన్నది. ఈ మూడూ కుదిరాకే ముందుకి తిప్పి పుటాల వెడల్పు పెట్టండి. చివరిగా సగం పక్కకి తిప్పి చూడండి. ఆటలో మాటలాడే సన్నివేశాలు ఎక్కువగా ఆ కోణంలోనే ఉంటాయి. కొన్ని క్రియేటర్లలో ముక్కు ముందుకి జరిపితే పై పెదవి కూడా వెంట జరుగుతుంది, అది గమనించుకోండి.

ఏ స్లైడర్‌నీ చివరిదాకా లాగొద్దు. మూడింట రెండు వంతులు దాటితే నవ్వినప్పుడో, అరిచినప్పుడో చెంప ముడతపడి చర్మం విరిగినట్టు కనిపిస్తుంది. హావభావాలు చూసుకునే బటన్ ఉంటే ప్రతి దశలోనూ నవ్వించి, కోపం తెప్పించి చూడండి. రెండు పక్కలా విడివిడిగా మార్చే వీలుంటే ఒక్కచోట, ఒక్క పిసరు తేడా పెట్టండి: ఒక కనుబొమ్మ కాస్త పైకి, లేదా ఒక పెదవి మూల కాస్త కిందికి. రెండోచోట పెట్టారంటే అందరి కళ్లూ దానిమీదే పడతాయి.

చర్మం రంగు దగ్గర మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి ఉన్నాయి. చామనఛాయ కావాలని గోధుమరంగు వరసలో మధ్యది నొక్కేసి ఊరుకుంటారు. రంగు ఎంత ముదురు అన్నదొక్కటే చూస్తే చాలదు, దాని అడుగున ఎరుపు ఉందా, పసుపు ఉందా అన్నది కూడా చూడాలి. ఎరుపు ఎక్కువైతే ఎండకి కమిలినట్టు ఉంటుంది. మన ఛాయకి కొంచెం పసుపు వైపు జరపండి. చర్మం మెరుపు స్లైడర్ ఉంటే తప్పకుండా తగ్గించండి. తెల్లటి చర్మం మీద కనిపించని మెరుపు ముదురు ఛాయ మీద ప్లాస్టిక్ పూతలా తేలుతుంది, ఆ మైనం బొమ్మ గొడవ చాలావరకు ఇక్కడిదే. పెదవులకి చర్మం కన్నా ఒక మెట్టు ముదురు రంగు ఇవ్వండి, గులాబీ వద్దు. కళ్ల కింద కొద్దిగా నలుపు ఉంచండి, దాన్ని పూర్తిగా తుడిచేస్తే ముఖంలో జీవం పోతుంది. జుట్టుకి పచ్చి నలుపు ఎంచుకోకండి. అందులో వెంట్రుకల పాయలు కనిపించక ఒకే ముద్దలా అయిపోతుంది. బాగా ముదురు గోధుమరంగు పెడితే ఆటలోని ఎండలో అది మన నల్లజుట్టులాగే కనిపిస్తుంది.

వెలుగు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఫైనల్ ఫాంటసీ 14కి డాన్‌ట్రెయిల్ అనే కొత్త భాగం బెంచ్‌మార్క్ 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లు తమ క్యారెక్టర్లు తమవిలా లేవని గట్టిగా అడిగారు. క్రియేటర్‌లో పడే వెలుగు కూడా అందుకు ఒక కారణం. దాన్ని సవరించి మే నెలలో కొత్త బెంచ్‌మార్క్ ఇచ్చారు. తయారుచేసినవాళ్లకే అంత పని పెట్టిన విషయం ఇది. కాబట్టి క్రియేటర్‌లో వెలుగు మార్చే బటన్ ఉంటే పగలు, సాయంత్రం, గుహలోపలి చీకటి, అన్నీ నొక్కి చూడండి. పైనుంచి పడే ఎండలో కళ్ల గుంటలు నల్లబడితే కనుబొమ్మ ఎముకని కాస్త వెనక్కి జరపండి. చీకట్లో కళ్లు మాత్రమే మెరుస్తుంటే, కంటి తెలుపుని తగ్గించే వీలుందేమో వెతకండి.

జుట్టు ఇప్పుడు పెట్టండి. క్యారెక్టర్‌ని వెనకనుంచి చూసే గేమ్ అయితే మీకు రోజంతా కనిపించేది జుట్టు వెనక భాగం, భుజాలు, నడక. ముఖం ఎదుటివాళ్లకి కనిపిస్తుంది. చాలామంది వెనక్కి తిప్పి చూడకుండానే ఓకే కొట్టేస్తారు, నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయమది. హెల్మెట్ తొడిగి కూడా చూడండి.

అయిపోయిందనిపించగానే సేవ్ చేసి మూసేయండి. ఆ రాత్రి ఇంకేమీ ముట్టుకోవద్దు. ఒకే ముఖాన్ని గంటసేపు చూస్తే కన్ను దానికి అలవాటుపడిపోయి తప్పులు పట్టదు. మర్నాడు తెరవగానే మొదటి క్షణంలో ఏది గుచ్చుకుంటుందో అదొక్కటే సరిచేయండి.

ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ ప్రీసెట్ కోడ్‌లు వాడొద్దా అని అడుగుతారు. వద్దు. సినిమా హీరో ముఖం కోడ్ మీకు దొరికిందంటే వేలమందికి దొరికినట్టే, మొదటి ఊళ్లోనే మీ కవలలు ఎదురవుతారు. ఫోటో పెడితే ముఖం చేసిచ్చే పద్ధతి కూడా నాకు నచ్చదు. ఫోటోలోని నీడని ఎముక అనుకుని దవడ తప్పుగా కడుతుంది. చేత్తో కట్టిన ముఖమే మీది అవుతుంది, ఎక్కడ ఏం చేశారో తెలుసు కాబట్టి తర్వాత దిద్దుకోవడమూ తేలికే.

దాచిపెట్టడం

సేవ్ ఫైల్‌ని మాత్రమే నమ్మొద్దు. బీటా ఫైళ్లు పూర్తి గేమ్‌లో పనిచేయకపోవచ్చు. ప్రతి స్లైడర్ అంకె కనిపించేలా పేజీ పేజీకి స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో కూడా పెట్టుకోండి. ఎదురుగా, పక్కగా, సగం పక్కగా ముఖం ఫోటోలు మూడు ఉండాలి. అంకెలు కనిపించని క్రియేటర్ అయితే ఆ మూడు ఫోటోలే ఆధారం.

పేర్లు కూడా మూడు నాలుగు రాసిపెట్టుకోండి, మంచి పేర్లు మొదటి గంటలోనే పోతాయి.

విడుదల రోజు

సమయం సరిచూసుకోండి. అమెరికా పసిఫిక్ సమయం ఉదయం 9 అంటే వేసవిలో మనకి రాత్రి 9:30, చలికాలంలో 10:30. ప్రీలోడ్ (గేమ్ ఫైళ్లని ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం) ముందురోజే పూర్తిచేయండి. వానాకాలమైతే హైదరాబాద్‌లో సాయంత్రం గాలివానకి కరెంటు పోవడం మామూలే, అందుకని కంప్యూటర్‌తో పాటు రౌటర్‌ని కూడా యూపీఎస్‌కి కలపండి. హాస్టల్ వైఫై మీద ఆధారపడేవాళ్లు ఆ ఒక్క రాత్రికి ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. సర్వర్ ఎంచుకోమంటే ముంబై, అది లేకపోతే సింగపూర్. దానికన్నా ముందు స్నేహితులందరూ ఏ సర్వర్‌లో చేరుతున్నారో అడగండి, కొన్ని గేమ్‌లలో తర్వాత మారడం కుదరదు.

గేమ్ తెరుచుకున్నాక షేడర్లు (వెలుగు, రంగులు గీసే చిన్న ప్రోగ్రామ్‌లు) సిద్ధమవుతున్నాయన్న గీత పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టుకుని, అదే ప్రీసెట్ ఎంచుకుని, అంకెలు వరసగా కొట్టుకుంటూ వెళ్లండి. పావుగంట చాలు. కొత్తగా ఏదైనా స్లైడర్ కనిపిస్తే దాన్ని మధ్యలోనే వదిలేయండి. చివరి బటన్ నొక్కే ముందు ఒకసారి పక్కకి తిప్పి ముక్కు చూసుకోండి, తర్వాత పేరు టైప్ చేయండి.