హైస్కూలు పిల్లలతో నాటకం వేయించాలంటే

ముందుగా స్క్రిప్టు పంచకండి. గుంటూరులో మా బడి చిన్నది. తొమ్మిదో తరగతి మొత్తాన్నీ ఒక గదిలో గుండ్రంగా కూర్చోబెట్టొచ్చు. అక్కడ తెలుగు చెబుతూ నాటకం నేర్పిస్తుంటాను. కాగితం చేతికి రాగానే పిల్లలు తమకెన్ని డైలాగులున్నాయో లెక్కపెట్టుకుంటారు, వాటి కింద గీతలు గీసుకుంటారు. ఇక ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు. వినడం రానిదే నటన రాదు.

అందుకే క్లాసు మౌనంతో మొదలుపెడతాను. ఇది క్వేకర్ల దగ్గర తీసుకున్నది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పుట్టిన క్రైస్తవ శాఖ వాళ్లది. ప్రార్థనకి అందరూ మౌనంగా కూర్చుంటారు. చెప్పాలనిపించినవాళ్లు లేచి చెబుతారు. వాళ్ల బడుల్లో పిల్లలూ అలా కలిసి కూర్చుంటారు. తొలితరం క్వేకర్లకు నాటకాలంటే గిట్టదు, అయినా నాటకం క్లాసుకి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

రెండు మూడు నిమిషాలు చాలు. మొదట్లో కిసుక్కున నవ్వులు వినిపిస్తాయి, కోప్పడకండి. కళ్లు మూసుకోమనొద్దు, ఆ వయసు పిల్లలకి అది ఇబ్బంది. చెవినపడ్డవన్నీ గుర్తుపెట్టుకోమనండి: ఆటో హారను, పక్కింటి కుక్కరు విజిలు, కింది క్లాసువాళ్ల ఎక్కాలు. తర్వాత ఒక్కొక్కరూ ఒకటి చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. దానికోసమైనా పక్కవాళ్లు చెప్పేది వింటారు.

ఆ తర్వాత ఇద్దరిని నిలబెట్టి ఒకే మాట ఇవ్వండి: "అన్నం తిన్నావా?" అమ్మ అడిగినట్టు, పోట్లాడిన స్నేహితురాలు మళ్లీ మాట కలపడానికి అడిగినట్టు, ఏదో దాస్తున్న అన్నయ్య మాట మార్చడానికి అడిగినట్టు. బదులు రెండోవాళ్లే చెప్పుకోవాలి.

కథ కూడా పిల్లల ఇళ్ల నుంచే రానివ్వండి. మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకెళ్లి, ధర రాక ఇంటికొచ్చిన తండ్రి వేషం వేశాడు మా అబ్బాయి ఒకడు. రాగానే సినిమా హీరోలా పిడికిలి బిగించి అరిచాడు. "అరవకు నాన్నా. ముందు కాళ్లు కడుక్కో. తువాలు దులుపు. మంచినీళ్లు తాగు. అప్పటిదాకా మాట్లాడొద్దు" అన్నాను. తువాలు దులిపాడు. ఘాటుకి దగ్గు వచ్చినట్టు దగ్గాడు. అమ్మ వేషం వేసిన పిల్ల చెంబుతో నిలబడి చూసింది. ధరెంత పలికిందని అడగలేదు. "కూర వేడిచేస్తా, ఉండండి" అంది. ఆ మాట ఎవరూ రాసివ్వలేదు. ఇలాంటివి పుట్టినప్పుడల్లా ఒకరు నోట్సులో రాసుకుంటూ ఉండాలి. అవన్నీ కూరిస్తే వచ్చేదే మీ స్క్రిప్టు.

వేషాలకి ఓటింగు పెట్టకండి. పెడితే క్లాసులో పలుకుబడి ఉన్నవాళ్లకే అన్నీ పోతాయి. క్వేకర్లు ఓట్లు లెక్కపెట్టరు, అందరికీ సమ్మతమయ్యేదాకా మాట్లాడుకుంటారు. ఏ వేషం ఎందుకు కావాలో పిల్లల్ని అలాగే చెప్పనివ్వండి. ఆలస్యమవుతుంది, పర్వాలేదు. ఆడవేషానికి మగపిల్లలు సిగ్గుపడితే స్థానం నరసింహారావు గారి గురించి చెప్పండి. 1902లో బాపట్లలో పుట్టారు. సత్యభామ వేషంతో తెలుగునాడంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. స్టేజీ ఎక్కనన్న పిల్లని మాత్రం బలవంతపెట్టొద్దు. లైట్లు, సామాన్లు చూసుకునేవాళ్లూ కావాలి.

ప్రదర్శన సంక్రాంతి సెలవులయ్యాక పెట్టుకోండి, పరీక్షల టెన్షన్ మొదలుకాకముందే. మైకు వద్దు. కుర్చీలు మూడు వైపులా దగ్గరగా వేస్తే మామూలు గొంతు అందరికీ వినిపిస్తుంది. తెర వెనక నుంచి మాట అందించే మనిషిని కూడా పెట్టకండి. ఒకరు మర్చిపోతే ఎదుటి పాత్రే అందుకోవాలి. అందుకు రిహార్సల్లో ఒకరి చెవిలో "ఇవాళ నువ్వు ఈ మాట మర్చిపో" అని చెప్పి పంపండి. మిగతావాళ్లకి తెలియనివ్వకండి.