మూడు వారాల తక్కువ పిండి భోజనం – నాలుగో పాఠం: కొర్రలు కూడా గింజలే

పోయిన పాఠంలో "మధ్యాహ్నం అన్నం మానండి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. దాని ఫలితం ఈ వారమంతా అనుభవించాను. సగం మందికి మూడో రోజుకల్లా తలనొప్పి, నీరసం. మిగిలిన సగం మంది మాత్రం మహా హుషారుగా ఉన్నారు. ఏం తింటున్నారని అడిగితే, అన్నం మాని కొర్రన్నం తింటున్నామన్నారు. అందుకని ఈ వారం చెప్పవలసిన రాత్రి భోజనం వెనక్కి జరిగింది.

ముందు తలనొప్పి సంగతి. పిండిపదార్థం తగ్గితే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే కాలేయమూ కండరాలూ దాచుకున్న పిండిపదార్థం, ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే ఆ నీరూ పోతుంది, నీటితో పాటు ఉప్పూ పోతుంది. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గామని మురిసిపోయినవారు వినండి: అందులో ఎక్కువ భాగం నీరే. పలచటి మజ్జిగలో కాస్త ఉప్పు వేసుకుని పదకొండింటికి ఒక గ్లాసు, నాలుగింటికి ఒక గ్లాసు తాగండి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ ఉప్పు మాట వర్తించదు. షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడేవారు డాక్టరును అడగకుండా ఈ పాఠాలు మొదలుపెట్టి ఉంటే ఈ రోజే ఆపండి. తిండి తగ్గి మందు తగ్గకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

చక్కెర, బిస్కెట్లు, కూల్‌డ్రింకుల గురించి చెప్పను. అవి మానాలని తెలియనివారు నాలుగో పాఠం దాకా రారు.

ఇక కొర్రన్నం. చిరుధాన్యాలకు నేను శత్రువును కాను. వాటి కోసమే రాజేంద్రనగర్‌లో ఒక పరిశోధన సంస్థ ఉన్న ఊరు మనది. వాటిలో పీచు ఎక్కువ, పండించడానికి నీరు తక్కువ చాలు, అన్నీ నిజమే. కానీ మన లెక్క వేరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు తీసి చూడండి. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. జొన్నల్లో 68, రాగుల్లో 67, సామల్లో 66. అంటే బియ్యం మాని సామలు వండితే వందకు పన్నెండు గ్రాములు మిగిలింది. ఒంటికి మంచిదట కదా అని మారు వడ్డించుకోవడంతో అదీ చెల్లు.

మన రోజు హద్దు 100 గ్రాముల పిండిపదార్థమని రెండో పాఠంలోనే అనుకున్నాం. నలభై గ్రాముల పిండితో చేసిన ఒక్క జొన్నరొట్టెకే అందులో 27 పోతుంది. రాగిజావ తాగాం, తినలేదు కదా అంటారు. గొంతు దిగే తీరును బట్టి లెక్క మారదు. ఓట్సుదీ అదే కథ, పైగా రుచి లేదు. సగ్గుబియ్యం ఉప్మా దాదాపు వట్టి పిండే, ఉపవాసం నాడు తింటాం కాబట్టి తేలిక అనుకుంటాం. హలీం మాంసమే కదా అని ఒకాయన వాదించారు. అందులో గోధుమలు, పప్పులు మాంసంతో కలిసి మెదిగిపోయి ఉంటాయి, కంటికి కనిపించవంతే. నా సూత్రం ఒక్కటే: ఉడికిస్తే గంజి వచ్చే గింజ ఏదైనా అన్నం ఖాతాలోకే. తినవద్దనడం లేదు, లెక్కలో రాయమంటున్నాను.

ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా ఎలా అంటారా? నేను రోజూ అమీర్‌పేటలో మెట్రో మారే మనిషిని. రాత్రి తొమ్మిదింటికి పొయ్యి వెలిగించే ఓపిక నాకు లేదు. మధ్యాహ్నానికి కావలసినది కూడా ముందురోజు రాత్రి కర్రీ పాయింట్‌లోనే కట్టించుకుని ఫ్రిజ్‌లో పెడతాను: బీరకాయ, దొండకాయ వేపుడు, గోంగూర, కోడిగుడ్డు పొరటు. బంగాళదుంప, చామదుంప వద్దు. గుత్తివంకాయ చిక్కదనం నువ్వులు, పల్లీలదైతే పరవాలేదు. శనగపిండిదేమో అడగండి, విసుక్కున్నా చెబుతారు. కూరలు రెండింతలు, పెరుగు ఒక కప్పు, అన్నం లేదు.

మీరు దారి తప్పేది మధ్యాహ్నం కాదు, సాయంత్రం నాలుగింటికి. చాయ్ బండి, పక్కనే సమోసాలు. ఇరానీ చాయ్ చాలా చోట్ల తీపి కలిపే వస్తుంది, కాబట్టి చక్కెర లేని టీ ఫ్లాస్కులో తెచ్చుకోండి. నేను ఆదివారం రాత్రి ఆరు గుడ్లు ఉడికించి పెంకులతోనే ఫ్రిజ్‌లో పెడతాను, బుధవారం దాకా దిగులుండదు. ఆఫీసులో గుడ్డు ఒలిస్తే పక్కవారు ముఖం చిట్లిస్తారు, మెట్ల దగ్గరికి వెళ్ళి తినండి. గుడ్డు తిననివారికి గుప్పెడు వేయించిన పల్లీలు, నాలుగు పనీరు ముక్కలు.

అభ్యాసం మరిచేపోయాను. వంటింటి కాటా ఒకటి కొనండి. ఏడు రోజులు మీ ఇంట్లో వండే ప్రతి గింజనూ ఉడకకముందే తూచి, మీ వాటాకు ఎంత వచ్చిందో కాగితం మీద రాయండి. మధ్యలో పెళ్ళి భోజనం తగిలితే అక్కడ కాటా తీయలేరు కాబట్టి గరిటెలు లెక్కపెట్టండి. ఇంటికి వచ్చాక ఒక గరిటె అన్నం తూచి, వండిన అన్నం 100 గ్రాములకు 28 గ్రాముల పిండిపదార్థం చొప్పున వేసుకోండి. ఆ కాగితం పూర్తయినవారు రాత్రి భోజనం పాఠానికి రండి. పూర్తి కానివారు మళ్ళీ ఇదే పాఠం చదవండి.