చెరువు లాగర్‌లో ఫ్యాట్‌ఎఫ్‌ఎస్: లాకింగ్ జాగ్రత్తలు

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్ల మీద ఆక్సిజన్ రీడింగులు రాసే బోర్డుల్లోకి, ఫ్రీఆర్‌టాస్ (చిన్న బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్) మీద ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ (మెమరీ కార్డులో ఫైళ్లు రాసే లైబ్రరీ) ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

– మెమరీ కార్డును ఏయే టాస్కులు (బోర్డులో పక్కపక్కనే నడిచే పనులు) ముట్టుకుంటాయో కాగితం మీద రాయండి. ఒక్క టాస్కే రాసి, మిగతావి క్యూలో డేటా పడేస్తే లాకింగ్ (ఒక టాస్క్ వాడుతుంటే మిగతావి ఆగేలా చూడడం) గొడవే ఉండదు. నన్నడిగితే అదే మేలు.

– ఎక్కువ టాస్కులు రాయక తప్పదంటే, ఫ్యాట్‌ఎఫ్‌ఎస్‌లో లాకింగ్‌ను ఆన్ చేసే ఎఫ్‌ఎఫ్_ఎఫ్‌ఎస్_రీఎంట్రంట్ సెట్టింగును 1 చేయండి. లాక్ తీసుకునే, వదిలే ఫంక్షన్లు మీ ఓఎస్‌కు సరిపోయేలా ఉండాలి. ఓఎస్ ఇచ్చే రెండు రకాల లాకుల్లో బైనరీ సెమాఫోర్ వద్దు, మ్యూటెక్స్ వాడండి. ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (లాక్ పట్టుకున్న టాస్కుకు, దాని కోసం ఆగిన ముఖ్యమైన టాస్క్ ప్రాధాన్యం కాసేపు రావడం) మ్యూటెక్స్‌కే ఉంటుంది.

– ఇంటరప్ట్‌లోంచి (హార్డ్‌వేర్ పిలిస్తే పని మధ్యలో దూరే కోడ్‌లోంచి) ఫైల్ కాల్స్ అసలొద్దు.

– కార్డును వాడకానికి సిద్ధం చేసే ఎఫ్_మౌంట్‌కు, ఫార్మాట్ చేసే ఎఫ్_ఎంకేఎఫ్‌ఎస్‌కు ఈ లాక్ రక్షణ వర్తించదు. మిగతా టాస్కులు లేవకముందే మౌంట్ ముగించండి.

– కార్డూ డిస్‌ప్లే ఒకే ఎస్‌పీఐ బస్సు (చిప్‌ల మధ్య డేటా నడిచే తీగలు) మీదుంటే అసలు తలనొప్పి అక్కడే. బస్సుకు వేరే లాక్ కావాలి. ఫైల్ కాల్‌లో ముందు వాల్యూమ్ లాక్ (కార్డులోని ఫైళ్లకు ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ వేసేది), తర్వాత బస్సు లాక్ పడతాయి. డిస్‌ప్లే టాస్క్ బస్సును పట్టుకుని ఫైల్ తెరవబోయిందా, అదీ, అప్పటికే ఫైల్ రాస్తున్న టాస్కూ ఒకదాని కోసం ఒకటి చూస్తూ కూర్చుంటాయి. బొమ్మ గీసి, బస్సు వదిలాకే ఫైల్ జోలికి వెళ్లాలి.

– లాక్ దొరక్కపోతే ఫైల్ కాల్ నుంచి ఎఫ్‌ఆర్_టైమౌట్ అనే ఎర్రర్ వస్తుంది. అప్పుడా రీడింగును పారేయకుండా బఫర్‌లో ఉంచి మళ్లీ రాయండి. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రైతుకు కావాల్సిందే ఆ రీడింగు.

– కరెంటు పోతే ఏ లాకూ కాపాడదు. బఫర్‌లోని డేటాను కార్డులోకి దింపే ఎఫ్_సింక్ ఎంత తరచుగా పిలవాలో ముందే తేల్చుకోండి.