మొక్కల అక్వేరియానికి లైటు కుదిరిందిలా

ట్యాంకుతో పాటు వచ్చిన లైటు కింద రొటాలా అనే నీటి మొక్క కాండాలు సన్నగా పైకి సాగిపోయేవి. ఆకుల మధ్య ఎడం పెరిగి, కింది ఆకులు రాలిపోయేవి. వెలుతురు అడుగుదాకా చాలట్లేదన్నమాట.

6500 కెల్విన్ ఎల్‌ఈడీ పెట్టాను. అయితే కెల్విన్ అంకె వెలుతురు రంగునే చెబుతుంది, బలాన్ని కాదు. మొక్కకు పనికొచ్చే బలం తెలియాలంటే పార్ (మొక్క ఆహారం తయారీకి వాడుకోగల వెలుతురు కొలత) విలువ చూడాలి. లైటు కంపెనీ అది ఇవ్వకపోతే, ట్యాంకులో లీటరు నీళ్లకు 20 నుంచి 40 ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుతురు కొలత) అనే మోటు లెక్క ఉంది. లోతైన ట్యాంకుకు మాత్రం దాన్ని నమ్మలేం, నీళ్లలో దిగేకొద్దీ వెలుతురు తగ్గిపోతుంది కాబట్టి.

రొటాలా గుబురుగా లేచింది గానీ, అనూబియాస్ ఆకుల మీద పచ్చటి నాచు మచ్చలు మొదలయ్యాయి. అది నిదానంగా పెరిగే నీడ మొక్క, ఇంత వెలుతురు వాడుకోలేదు. దాన్ని ట్యాంకులోని చెక్క కిందికి జరిపి, టైమరుతో లైటును రోజుకు 6 గంటలకు కుదించాను. కొత్త మచ్చలు ఆగాయి. పాతవి పోవు, ఆ ఆకులు కత్తిరించేశాను. ఇప్పుడు 8 గంటలు వెలుగుతోంది. సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) విడిగా ఇవ్వని ట్యాంకులో ఇంకా పెంచితే లాభపడేది నాచే.