చెక్కలో పొదిగిన వెండి నల్లబడితే: పాలిష్ చెడకుండా శుభ్రం చేసే విధానం

ఇరుగుడు (రోజ్‌వుడ్) చెక్క తాంబూలపు పెట్టె మీదనో, దేవుడి మందసం తలుపు మీదనో పొదిగిన వెండి తీగ నల్లబడగానే మన ఇళ్ళలో చింతపండు, విభూతి, టూత్‌పేస్టు బయటికి వస్తాయి. వెండి గిన్నె ఈ మోటు వైద్యాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. పొదిగిన పనిలో మాత్రం ముందుగా పాడయ్యేది వెండి కాదు, దాని చుట్టూ ఉన్న చెక్క. చింతపండు పులుపు తీగ పక్క సందులోకి దిగి చెక్క రంగును మారుస్తుంది, విభూతి చెక్క రంధ్రాలలో తెల్లగా ఇరుక్కుంటుంది, టూత్‌పేస్టులోని గరుకు లక్క పాలిష్‌ను మసకబారుస్తుంది. కాబట్టి ఆ నలుపు ఏమిటో తేలేవరకు దేనితోనూ రుద్దకూడదు.

తేల్చుకోవడానికి కొబ్బరి ఈనె కొసకు దూది చుట్టి, టర్పెంటైన్‌లో ముంచి, తడి దాదాపు పోయేలా పాత గుడ్డ మీద ఒత్తి, కనపడని మూల ఒక అంగుళం మేర తీగ వెంట మెల్లగా దొర్లించండి. చుట్టూ ఉన్న పాలిష్ జిగటగా మారినా, దాని రంగు దూదికి అంటినా అక్కడితో ఆపండి. ఈ పని చేసే గదిలో దీపం, అగరువత్తి వెలగకూడదు. టర్పెంటైన్ ఇట్టే అంటుకుంటుంది.

దూది నల్లబడి తీగ తెల్లబడితే

అది దీపపు మసి, కర్పూరపు పొగ, నూనె చేతుల జిడ్డు. టర్పెంటైన్ దూదితోనే మొత్తం తుడవవచ్చు, మరే మందూ అక్కరలేదు. మందసాల విషయంలో నేను చూసినవి ఎక్కువగా ఇవే.

దూదికి ఏమీ అంటకుండా తీగ నల్లగానే ఉంటే

ఇక్కడ రెండు కారణాలు ఉండవచ్చు. పెట్టెను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. చెక్క మీది మెరుపు ఎక్కడా తెగకుండా వెండి మీదుగా సాగిపోతే, పాలిష్ పూత వెండిని కూడా కప్పి ఉందని అర్థం; రంగు మారింది ఆ పూతైనా కావచ్చు, దాని కింది వెండైనా కావచ్చు. పూత తీయకుండా దాన్ని బాగుచేయడం సాధ్యం కాదు, పూత తీయడం ఇంట్లో చేసే పనీ కాదు. దాన్ని అలాగే ఉంచమనే చెబుతాను.

మెరుపు తీగ అంచు దగ్గర తెగితే అది అసలైన చిలుము, అంటే సిల్వర్ సల్ఫైడ్. పొర మందం పెరిగేకొద్దీ వెండి ముందు పసుపు, తరువాత గోధుమ, ఆపైన ఊదా నీలం, చివరికి నలుపు తిరుగుతుంది. దీనికి మూలం గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్. మురుగు కాలువ, ఊబి నేల, రొయ్యల చెరువు అడుగు బురద కదిపినప్పుడు వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన అదే. ముక్కుకు తెలియనంత తక్కువ మోతాదు కూడా వెండికి చాలు, గాలిలో తేమ ఉంటే పని ఇంకా వేగంగా సాగుతుంది. భీమవరం, నరసాపురం వైపు చెరువుల మధ్య ఉన్న ఇళ్ళలో వెండికి ఈ బెడద తప్పదు.

దీనికి మెత్తటి సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, వాడాలి; బడిలో రాసే సుద్దముక్క చాలావరకు జిప్సం కనుక పనికిరాదు. ముందుగా తీగకు రెండు పక్కలా చెక్క మీద పల్చగా మైనం పట్టించండి, అప్పుడు పొడి చెక్క రంధ్రాలలోకి దిగదు. పొడిని రెండు మూడు చుక్కల టర్పెంటైన్‌తో మజ్జిగంత చిక్కగా కలిపి, దూది ఈనెతో తీగ పొడవునా నడపండి, అడ్డంగా కాదు. దూది బూడిదరంగు తిరగగానే కొత్త దూది చుట్టుకోవాలి. చెక్కిన గీతల లోతులో మిగిలే నలుపును వదిలేయండి. పువ్వుల నమూనా కంటికి ఆనేది దాని వల్లనే, పైగా ప్రతి రుద్దుడుకూ కొంత వెండి పోతుంది. చివరగా శుభ్రమైన టర్పెంటైన్ దూదితో పొడిని, మైనాన్ని తీసేయాలి.

వెండిని ముంచి తీసే ద్రావణాలు వాడకండి. మా మామ్మగారి తాంబూలపు పెట్టెను ఒకచోట బాగుచేయడానికి ఇస్తే అటువంటి ద్రావణమే పూశారు. పెట్టె తళతళలాడుతూ వచ్చింది. నెల తిరిగేసరికి తమలపాకు తీగ నమూనా వెంట రెండు వైపులా తెల్లటి పొక్కు లేచింది, దాని పక్కన ఇరుగుడు చెక్క నలుపు పోయి ఎర్రమట్టి రంగులోకి తిరిగింది. ఆ ద్రావణాలలో థయోయూరియాతో పాటు ఆమ్లం ఉంటుంది, సందులోకి దిగినదాన్ని కడిగి తీసే దారి లేదు. అమ్మోనియా ఉన్న పాలిష్‌లు, స్పిరిట్ రెండూ లక్క పూతను కరిగిస్తాయి. అల్యూమినియం రేకు, వంటసోడా పద్ధతికి వస్తువును వేడినీళ్ళలో ముంచాలి కనుక చెక్కకు అసలే పనికిరాదు.

అంచున ఆకుపచ్చ కనిపిస్తే

తొంభై రెండున్నర వెండిలో, అంటే 92.5 శాతం వెండిలో, మిగిలిన 7.5 శాతం సాధారణంగా రాగి. చెక్క మెరవాలని రాసే కొబ్బరినూనె పాతబడి పులిసినప్పుడు ఆ రాగితో కలిసి ఆకుపచ్చ మైనంలా పేరుకుంటుంది. చెక్కిన వెదురుపుల్లతో దాన్ని గీకి, టర్పెంటైన్‌తో తుడిచి, నూనె రాయడం మానేయాలి.

తీగ లేచి దూది పోగులు పట్టుకుంటే

శుభ్రం చేయడం వెంటనే ఆపండి. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బి ఎండాకాలంలో ముడుచుకుంటుంది, వెండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఈ లాగుడుకు పాత జిగురు వదిలేస్తుంది. వేడిచేసి వాడే సరేసును, అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురును, సూదిమొనతో కిందికి అందించి, మైనపు కాగితం వేసి, రాత్రంతా బరువు ఉంచాలి. క్షణంలో అంటుకునే జిగురు వద్దు, దాని ఆవిరి చుట్టూ తెల్లటి మచ్చ వేస్తుంది, ఆపైన తీగను మళ్ళీ ఊడదీసి సరిచేసే వీలుండదు.

నెలలోపే మళ్ళీ నల్లబడితే

తప్పు పెట్టె ఉన్నచోట ఉంది. కింద రబ్బరు చాప, చుట్టిన రబ్బరు బ్యాండు, పక్కన ఉన్ని శాలువ ఉన్నాయేమో చూడండి. మూడింటిలోనూ గంధకం ఉంటుంది. వాటిని తీసేసి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో బిగుతైన బీరువాలో పెట్టాలి. వెండి మీద పెట్రోలియం నుంచి తీసే మైక్రోక్రిస్టలైన్ మైనం ఒక్క పల్చటి పూత వేస్తే చిలుము ఆలస్యంగా పడుతుంది. తేనెమైనంలో కొద్దిగా ఆమ్లం ఉంటుంది కనుక దాన్ని వెండి మీదికి రానివ్వకండి.